చేతికివ్వని మైకు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ రోజుల్లో జగిత్యాలలో ఒక కేబుల్ ఛానల్‌లో ఇంటర్వ్యూలు చేసేవాణ్ణి. మాది దొరల కుటుంబం. భూములు ముందే పోయాయి, తర్వాత కోటలాంటి మా ఇల్లు, గడీ కూడా పోయింది. నిటారుగా కూర్చునే అలవాటొక్కటే మిగిలింది. కెమెరాకు అది పనికొచ్చింది.

మా పనిలో ఎవరూ రాసిపెట్టని పద్ధతి ఒకటుండేది. నాయకుడొస్తే మైకు ఆయన చేతికే ఇచ్చేవాళ్ళం, ప్రశ్నలు ముందే చెప్పేవాళ్ళం. కోరుట్ల దీక్షా శిబిరంలో బీడీలు చుట్టే ఆడవాళ్ళ దగ్గర మాత్రం మైకు నా చేతిలోనే ఉండేది. రెండు మాటలు, ఒక నినాదం, అంతే, వెనక్కి లాగేవాణ్ణి.

సిరిసిల్ల శిబిరంలో ఒకామె నేను లాగినా మైకు వదల్లేదు. భర్త మరమగ్గాల మీద కూలికి నేస్తాడు. మగ్గాలను వాళ్ళు సాంచెలంటారు.

"రాష్ట్రమస్తె సాంచెల కాడ కూలి పెరుగుతదా, పెరగదా? గది అడుగు దొరా మీ సార్లను. జై కొట్టుమంటే రోజు కొడుతనే ఉన్న."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అడుగుతానని మాటిచ్చాను. అన్నీ పోయినా మా ఇంటి మాట పోలేదని నాకొక నమ్మకం.

ఆ వారమే ఒక నాయకుడు స్టూడియోకి వచ్చాడు. ప్రత్యక్ష ప్రసారం, కోసేయడానికి వీల్లేదు. చివర్లో ఆ ప్రశ్న అడిగాను. "మంచిగ అడిగినవ్" అని ఆయన నీళ్ళ గురించి, కొలువుల గురించి చెప్పుకుపోయాడు. కూలి సంగతేమిటని మళ్ళీ అడిగాను. ఆయన కెమెరా వైపు తిరిగాడు.

"కూలి గురించి దొరలడుగవట్టిరి! మీ తాత గడీల ఎంతిచ్చిండో చెప్పు, డబల్ ఇప్పిస్తం."

కెమెరా పట్టినతను కూడా నవ్వాడు. నా వీపు వంగలేదు. నమస్కారం చెప్పి కార్యక్రమం ముగించాను. మా తాత గడీలో కూలి ఇచ్చింది లేదు, అంతా వెట్టే. ఆయన అన్నది అబద్ధం కాదు, జవాబూ కాదు. అడిగినవాడి పుట్టుక చూపిస్తే చాలు, ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది.

మళ్ళీ సిరిసిల్ల వెళ్ళినప్పుడు ఆమే పలకరించింది.

"టీవిల సూసిన దొరా. అడుగుడైతే అడిగినవ్. గాయన నిన్ను జూపి తప్పిచ్చుకున్నడు. ఎల్లుండి మా కాడికే అస్తుండట. నేనడుగుత. నాకేం గడీ ఉన్నదని నవ్వుతడు?"

ఆ రోజు ఆయన శిబిరంలో కూర్చుంటూనే అలవాటుగా మైకు కోసం చెయ్యి చాపాడు. నేను దాన్ని ఆమె చేతికిచ్చి పక్కకు జరిగాను. అప్పటికే చాలా అలసిపోయి ఉన్నాను. అయినా ఆమె అడగబోతుంటే కూర్చోబుద్ధి కాలేదు.

ఆమె మొదలుపెట్టింది. ఆయన చెయ్యి ఇంకా చాపే ఉంది.