తువ్వాల కింది చేయి

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, నమ్మేవాళ్లను నిలదీసేవాణ్ణి. ఖిలా వరంగల్ రాళ్ల మధ్య గజ్జెల చప్పుడు విన్నానని మా బంధువు ఒకాయన పెళ్లి విందులో చెబుతుంటే, ఏ రోజు విన్నావు, పక్కన ఎవరున్నారు, చప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చింది అని వరసగా అడిగాను. విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఇప్పటికీ నాతో మాట్లాడడు. అందుకు నాకు విచారం లేదు.

రైతు తెచ్చిన మిర్చిని కొనేవాళ్లకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం నాది, ఎనుమాముల మార్కెట్లో. మా నాయన నుంచి వచ్చింది. మోకాళ్లు మొరాయించాక దుకాణం వదిలేశాను. వదలని అలవాటు ఒకటే, జరిగింది జరిగినట్టు ఆ రోజే రాసి పెట్టుకోవడం. ఇక్కడ చెప్పేదంతా ఆ సాయంత్రం ఇంటికి చేరగానే రాసుకున్నదాన్ని ముందు పెట్టుకొని రాస్తున్నాను.

దీనికి ఇంట్లో తలా ఒక పేరు పెట్టారు. ఒకరు ఎండదెబ్బ అన్నారు, ఒకరు కునుకుపాటు అన్నారు, ఇంకొకరు షుగరు పడిపోయిందన్నారు. నవ్వేవాళ్లు ముందు పూర్తిగా చదవాలని నా కోరిక. ఎందుకంటే ఈ నెలలోనే వాళ్లు నా మనవరాలిని మళ్లీ ఇది జరిగిన చోటికి తీసుకుపోవాలని చూస్తున్నారు.

ముందుగా మా వ్యాపారంలో ఒక పద్ధతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

మా నాయన కాలంలో బేరం నోటితో జరిగేది కాదు. ధర పక్కవాడి చెవిన పడకూడదు కాబట్టి, అమ్మేవాడూ కొనేవాడూ కుడి చేతుల మీద తువ్వాల కప్పుకొని, దాని కింద వేళ్లతో మాట్లాడుకునేవారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. ఇష్టం లేకపోతే వేలు విదిలించడం. ఒప్పుకుంటే అరచేతిని అరచేతికి ఆనించి గట్టిగా నొక్కడం. నొక్కితే బేరం తెగినట్టే, ఇక వెనక్కి పోవడం ఉండదు. వేళ్లు మాట్లాడుతున్నంతసేపు ఒకరి ముఖం ఒకరు చూడకూడదు. చూపు ఎటో దూరంగా పెట్టాలి, లేకపోతే కళ్లు ధర చెప్పేస్తాయి.

మా నాయన నాకు చిన్నప్పుడే చెప్పిన మాటలు రెండున్నాయి. సరుకు ఏదో తెలియకుండా తువ్వాల కింద చేయి పెట్టకు. నొక్కిన బేరాన్ని విడిపించుకోవాలంటే నోటి మాట చాలదు, ఆ రెండు చేతులే మళ్లీ ఆ తువ్వాల కిందే కలిసి వేళ్లు విదిలించుకోవాలి.

ఇప్పుడు అంతా కంప్యూటరులో ధరలు. పద్ధతి పోయింది. పోయినదాన్ని నేను ఇంట్లో ఆటగా మిగుల్చుకున్నాను. మా ఒక్కగానొక్క కూతురు కవిత. ఆమెకు ఒక్కతే బిడ్డ, మేఘన, ఏడేళ్లది. నా భుజం మీది తువ్వాల లాగి, నా ముఖం చూడకుండా పక్కకు తిరిగి, చాక్లెట్ల కోసం బేరమాడటం మేఘనకు మహా సరదా. ఎప్పుడూ నా ఐదు వేళ్లూ పట్టుకొని మొదలుపెడుతుంది. నేను ఒకటి అంటాను. విదిలిస్తుంది. చివరికి మూడు దగ్గర తెగుతుంది. "నువ్వు పిసినారి సేటువి తాతా" అని తిట్టి మరీ అరచేయి నొక్కుతుంది. ఆ చిన్న చేయి నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. తెలుసనే అనుకునేవాణ్ణి.

పోయిన ఏడాది హోళీ వెళ్లిన తర్వాతి ఆదివారం మేము గుట్టల మీదికి పోయాము. ములుగు అవతల గుట్ట మీద మిర్చి పండించే సమ్మయ్య చాలా ఏళ్లు నా దుకాణానికే సరుకు తెచ్చాడు. ఒక్కసారి వచ్చి చేను చూసిపొమ్మని ఎప్పుడూ అడుగుతుండేవాడు. అల్లుడు శ్రీధర్ కారు నడిపాడు. నేను, నా భార్య సరోజన, కవిత, మేఘన ఎక్కాము. దారిలో టిఫిన్ డబ్బా మూత తెరుస్తూ మేఘన కుడి చూపుడు వేలు కోసుకుంది. కవిత ప్లాస్టర్ వేసింది. ఈ ప్లాస్టర్‌ను పాఠకులు గుర్తుంచుకోవాలి.

దారి పొడవునా మోదుగులు ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉన్నాయి. తారు రోడ్డు వదిలి గుట్ట ఎక్కడం మొదలుపెట్టాక ఎక్కడా పక్షి కూయలేదు. ఇది నేను తర్వాత కల్పించుకున్నది కాదు. మేఘనే అడిగింది, "తాతా, ఈడ పిట్టలకు ఇయ్యాల సెలవా?" అని. అందరం నవ్వాము.

గుట్ట నడుమ చదును చేసిన చోట సమ్మయ్య గుడిసె, దాని ముందు కల్లం. కల్లం నిండా మిర్చి ఆరబోసి ఉంది. ఎండినదాన్ని బస్తాలకెత్తి, అంచున ఉన్న ఇప్ప చెట్టు పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆ బస్తాల వెనక నేల లేదు, గుట్ట నిట్టనిలువుగా కిందికి దిగిపోతుంది. అక్కడ ఉండేది సమ్మయ్య, అతని భార్య మాత్రమే. వాళ్ల కొడుకులు పరకాలలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. మిగతా ఇళ్లన్నీ గుట్ట కింద ఉన్నాయి.

జొన్నరొట్టె, మామిడికాయ పప్పు తిన్నాము. మిర్చి ఘాటు అంటిన చేతులు కళ్లలో పెట్టుకుంటారేమోనని కవిత అందరి చేతా సబ్బుతో కడిగించింది. తర్వాత పైన నీటి ఊట చూద్దామని అందరూ బయలుదేరారు. నా మోకాళ్లు ఎక్కలేవు కాబట్టి నేను ఇప్ప చెట్టు నీడలో, బస్తాలకు ఎడమ పక్కన, ఒక పీట మీద కూర్చున్నాను. ఎడమ చేతిలో సమ్మయ్య భార్య ఇచ్చిన టీ గ్లాసు ఉంది. కుడి చేయి మోకాలి మీద, దాని మీద తువ్వాల. ఆమె గుడిసెలోకి వెళ్లిపోయింది. పట్టపగలు. గాలి కూడా లేదు.

తువ్వాల కొస ఎవరో లాగారు.

మేఘన ఎప్పుడూ అలాగే లాగుతుంది. వాళ్ల వెంట పోకుండా బస్తాల చాటున దాక్కుందనుకున్నాను. ఆట మర్యాద ప్రకారం ముఖం పక్కకు తిప్పి, పైనుంచి దిగే బాట మీద చూపు నిలిపాను. చిన్న చేయి ఒకటి తువ్వాల కిందికి వచ్చింది. వచ్చి నా చూపుడు వేలు ఒక్కటే పట్టుకుంది.

ఇవాళ కొత్త ఎత్తు వేసిందే అనుకున్నాను. ఆ వేలు విదిలించి, దాని రెండు వేళ్లు పట్టుకున్నాను. అది విదిలించింది. మూడు పట్టాను. ఈసారి నా చేయి నొప్పి పుట్టేలా విదిలించి, మళ్లీ ఒక్క వేలే పట్టుకుంది. నా జీవితంలో ఎందరితోనో బేరమాడాను. ఎక్కువ ఇస్తానంటే వద్దని తక్కువకే పట్టుబట్టినవాణ్ణి చూడలేదు.

చేయి గరుకుగా ఉంది. ఏళ్ల తరబడి మిర్చి ఏరిన ఆడవాళ్ల వేళ్ల కొసలు ఎలా గట్టిపడతాయో అలా ఉంది. వేలికి ప్లాస్టర్ తగల్లేదు. ఈ రెండూ నాకు అప్పుడే తట్టాయి. మట్టిలో ఆడుకొని ప్లాస్టర్ ఊడగొట్టుకుందని సరిపెట్టుకున్నాను. ముఖం మాత్రం తిప్పలేదు. అలవాటు అంత బలమైనది.

"సరే పో, ఒకటే" అని నవ్వి అరచేయి నొక్కాను.

అది తిరిగి నొక్కింది. ఆ బలం పిల్లలది కాదు.

సరిగ్గా అప్పుడు నేను చూస్తున్న బాట మలుపులో శ్రీధర్ కనిపించాడు. అతని భుజాల మీద మేఘన కూర్చొని ఉంది. రెండు చేతుల నిండా మోదుగు పూలు పట్టుకొని, నన్ను చూసి ఊపుతోంది. వెనక కవిత, సరోజన, సమ్మయ్య నడిచి వస్తున్నారు. తువ్వాల కింద నా చేయి ఇంకా ఆ చేతిలోనే ఉంది.

పని ముగిసిన వ్యాపారి వదిలినట్టు, తొందర లేకుండా, అది వేలు వెంట వేలు వదిలింది. తిరిగి చూసేసరికి తువ్వాల నా చేతి మీద చదునుగా పడి ఉంది. నాకూ బస్తాలకూ మధ్య పిల్లి కూడా పట్టే సందు లేదు.

వాళ్లు వచ్చాక జరిగింది చెప్పాను. మేఘన వేలు పట్టి చూశాను. ప్లాస్టర్ ఉంది.

"ఎండదెబ్బ మామా. జర నిమ్మకాయ నీళ్లు తాగుండ్రి" అన్నాడు శ్రీధర్. చెట్టు నీడలో కూర్చున్నవాడికి ఎండదెబ్బ ఎలా తగిలిందో మాత్రం చెప్పలేదు.

"ఇగో, కునుకు తీసినవ్. కల వచ్చింది" అంది సరోజన.

"కునుకు తీస్తే టీ ఒలకాలి కదా. గ్లాసు చూడు."

"కలల గూడ లెక్క తప్పవు నువ్వు" అని నవ్వింది.

సమ్మయ్య బస్తాల వెనక్కి వంగి చూశాడు. "ఈడ పిల్లలు యాడున్నరు సేటూ? ఇంతకు ఎంతకు తెగింది బేరం?"

"ఒకటి."

"ఒకటేనా! సస్తగ ఇచ్చేసినవ్ గద. మాకెన్నడన్న గట్ల ఇచ్చినవా?"

అందరూ పగలబడి నవ్వారు. గుడిసె గడపలో నిలబడిన అతని భార్య ఒక్కతే నవ్వలేదు.

"ఒకటంటే ఏందొకటి?" అంది. "సరుకేంది సేటూ?"

మిర్చి నాది కాదు. బస్తాలు నావి కావు. చేను నాది కాదు. ఆ గుట్ట మీద నావాళ్లని చెప్పుకోదగ్గవాళ్లు నాతో కారులో వచ్చిన నలుగురే.

వెంటనే బయలుదేరాలని పట్టుబట్టాను. కారులో మేఘన నా పక్కన కూర్చుంది. అనుమానం తీర్చుకోవాలని తువ్వాల కప్పి చేయి చాపాను. ఆట మొదలైతే ఐదు వేళ్లూ పట్టుకుంటుందని నా ఆశ. మేఘన చేయి లోపలికి పెట్టి, ముఖం కిటికీ వైపు తిప్పి, నా చూపుడు వేలు ఒక్కటే పట్టుకుంది.

"ఒక్క చాక్లెట్ చాలా నీకు?" అన్నాను.

"నాకు గాదు తాతా" అంది.

మరెవరికని అడిగాను. చూస్తే నిద్రపోయి ఉంది. తెల్లవారి అడిగితే తాను ఆ మాటే అనలేదంది.

సబ్బుతో కడిగిన నా కుడి అరచేయి మర్నాటి దాకా మిర్చి రుద్దినట్టు మండింది. డాక్టరుకు చూపించాను. షుగరు, బీపీ సరిగ్గా ఉన్నాయని రాసిచ్చిన కాగితం నా దగ్గర ఉంది. శ్రీధర్‌కు చూపిస్తే చదవకుండానే పక్కన పెట్టాడు. ఆ నిర్లక్ష్యానికే నాకు ఒళ్లు మండుతుంది. నేను చెప్పింది తప్పని రుజువు చేస్తే సంతోషంగా ఒప్పుకుంటాను. ఎవరూ ఆ శ్రమ పడరు, నవ్వుతారు, అంతే.

ఏడాది గడిచింది. మేఘన బాగానే ఉంది. చదువుకుంటోంది, ఆడుకుంటోంది. ఒక్కటే తేడా. తువ్వాల ఆట మానేసింది. నేను చేయి చాపితే, "అయిపోయింది గద తాతా బేరం" అని పెద్దమనిషిలా చెప్పి వెళ్లిపోతుంది.

ఇప్పుడు ఒంటిపూట బడులు మొదలయ్యాయి. సమ్మయ్య మళ్లీ ఫోన్ చేశాడు, పంట బాగుంది, పాపను తోల్కొని రమ్మని. మేఘన ఎగిరి గంతేసింది. పోదామని కవిత బట్టలు కూడా సర్దింది. నేను వద్దన్నాను.

"ఏడాదైంది బాపూ. ఏమన్న అయిందా? ఊకె ఫికర్ పెట్టుకుంటవ్" అంది.

ఆమెకు వ్యాపారం తెలియదు. బేరం తెగిన రోజే సరుకు ఎత్తరు. ఎత్తుకునేవాడు తన వీలు చూసుకొని వస్తాడు, లేదా సరుకే తన దగ్గరికి వచ్చేదాకా ఆగుతాడు.

కాబట్టి వాళ్ల కంటే ముందు నేను పోతున్నాను, ఒంటరిగా. ములుగు దాకా బస్సులో పోతాను. అక్కడి నుంచి సమ్మయ్య బండి మీద తీసుకుపోతానన్నాడు. ఆ తువ్వాలను ఏడాదిగా బీరువాలోనే ఉంచాను. అప్పుడు నవ్విన సరోజన నిన్న ఏమీ మాట్లాడకుండా దాన్ని మడతపెట్టి నా సంచిలో పెట్టింది. "నేను గూడ వస్త" అంది. వద్దన్నాను. ఆమె కూడా ఆ నలుగురిలో ఒకరు.

నేను దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ చేయి ఎవరిదో, అంత గట్టిగా ఎందుకు నొక్కిందో, నేను ఏమి ఇస్తానని ఒప్పుకున్నానో నాకు తెలియదు. ఎన్ని విధాల ఆలోచించినా ఒక్క కారణమూ నిలబడలేదు. తెలిసింది మా నాయన చెప్పిన పద్ధతి ఒక్కటే. అదే చెట్టు నీడలో, అదే పీట మీద కూర్చొని, మోకాలి మీద తువ్వాల కప్పి, బాట వైపు చూస్తూ ఉంటాను. చేయి వస్తే వేళ్లు విదిలించి బేరం విడిపించుకుంటాను. విడవనంటే, నా ఐదు వేళ్లూ దాని చేతిలోనే ఉంచి, ఆ ఒకటి నేనే అని చెబుతాను.

చేయి రాకపోతే, నొక్కిన బేరం నొక్కినట్టే ఉంటుంది.