టీ కొట్టు వెనక దారి

శనివారం క్రాగ్‌లీ టౌన్‌కీ హెల్మ్‌బ్రిడ్జ్ యునైటెడ్‌కీ ఫుట్‌బాల్ ఆట. ఆట రోజు గేటు దగ్గర అమ్మే చిన్న పుస్తకంలో రెండు క్లబ్బుల పాత కథ ఒక పేజీ రాసిపెట్టమని క్రాగ్‌లీ క్లబ్బు కార్యదర్శి డెరెక్ నన్ను అడిగాడు. పుస్తకాలు చదివే అలవాటున్న ముసలివాడికి ఏ ఊళ్ళోనైనా ఇలాంటి పనులు తప్పవు. ఎక్కడా నాలుగేళ్ళు నిలవని కాళ్ళు నావి. ఈ తడిసిన కొండల మధ్య మాత్రం ఎందుకు ఆగిపోయాయో నాకే తెలియదు.

"పాత సంగతులైతే నార్మన్‌కి తెలుసు," అని నాలిక కరుచుకున్నాడు డెరెక్. నార్మన్ గ్రీన్‌వుడ్ ఆగస్టులో పోయాడు. "పోనీ వాళ్ళావిడ హిల్డా ఆంటీని అడుగు, పెద్దాయనా. శత్రువుల మనిషే గానీ అబద్ధం చెప్పదు."

ఆ కథ నిజానికి ఎవరినీ అడగక్కర్లేదు. మొదట రెండూ ఒకే క్లబ్బు. ఏటికి ఇటు క్రాగ్‌లీ, అటు హెల్మ్‌బ్రిడ్జ్, మధ్య ఒక రాతి వంతెన. నూరేళ్ళ కిందట రెండు ఊళ్ళ నేతమిల్లుల కుర్రాళ్ళు కలిసి జట్టు కట్టి, నేల చదును చేయడానికి చందాలేసుకుని ఒక ఇనప రోలరు తెచ్చుకున్నారు. మైదానం ఏ ఒడ్డున ఉండాలన్న మాట దగ్గర జట్టు రెండు ముక్కలైంది. రోలరును అటువాళ్ళు అటు లాగారు, ఇటువాళ్ళు ఇటు లాగారు. అది వంతెన నడిమధ్య నిలబడిపోయింది. ఆ చలికాలమంతా పాలబండ్లూ శవాల బండ్లూ దాన్ని చుట్టుకునే వెళ్ళాయట. చివరికి ఎవరో దాన్ని ఏట్లోకి దొర్లించారు. ఎవరన్నది ఇప్పటికీ తెగని తగువు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే పిడి కనిపిస్తుంది. ఒకే దేవుడి నుదుట ఏ నామం పెట్టాలని తరాల తరబడి కోర్టులకెక్కిన వాళ్ళ గురించి చదివినవాణ్ణి గనక నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. అప్పట్నించి హెల్మ్‌బ్రిడ్జ్ వాళ్ళకు క్రాగ్‌లీ వాళ్ళు మేకలు, కొండ మీద ఉంటారు గనక. క్రాగ్‌లీ వాళ్ళకు హెల్మ్‌బ్రిడ్జ్ వాళ్ళు బాతులు, ఏడాదికోసారి వాళ్ళ మైదానం మునుగుతుంది గనక.

హిల్డా పుట్టుకతో బాతు. నార్మన్ మేక. ఇదంతా చెప్పడం వాళ్ళిద్దరి కోసమే.

చిన్న లీగు మైదానాల్లో కుర్చీలుండవు. తన జట్టు ఏ గోలు మీదికి వెళ్తుందో మనిషి ఆ గోలు వెనక నిలబడతాడు. హాఫ్‌టైమ్‌లో జట్లు వైపులు మారితే జనమూ మారతారు. క్రాగ్‌లీ మైదానానికి ఒక చివర పాత రాతిగని, ఇంకో చివర ఏరు. పొడుగు పక్కల్లో ఒకటి నిట్టనిలువు గట్టు. రెండో పక్కన టీ కొట్టు, దాని వెనక బొగ్గునుసి పోసిన సన్నటి దారి. రెండు గుంపులూ ఆ దారిలోనే ఎదురెదురుగా నడవాలి. భుజాలు రాసుకుంటాయి. "మేకల కంపు, ముక్కు మూసుకోండ్రా." "బాతులొచ్చాయి, కింద తడి చూసుకోండి." అంతే. ఆ దారిలో ఒకడు మెట్ట ఎక్కాలి, ఒకడు గోడకు ఒదగాలి, మళ్ళీ ఏడాదికి కలుద్దామనుకుని పోవాలి.

పంతొమ్మిదేళ్ళ హిల్డా ఆ దారిలోనే నార్మన్ చేతిలోని పై అనే మాంసం కూరిన రొట్టెను కిందపడేసింది. తప్పెవరిదో చెప్పుకోలేదు. ఆమె పక్కనున్న స్నేహితురాలివైపు తిరిగి, గొంతు బయటికి రాకుండా, పెదవులతో ఒక తిట్టు తిట్టింది. మగ్గాల మోతలో మాట వినపడదు గనక మిల్లు ఆడవాళ్ళందరూ అలా పెదవులతోనే మాట్లాడుకునేవారు. బయటివాళ్ళకు అది తెలియదన్న ధైర్యం. నార్మన్ తల్లి కూడా మగ్గం మనిషే. అతను ఆ తిట్టు పూర్తిగా చదివి, తనూ పెదవులతోనే అడిగాడు: "స్కోరెంత?" ఆట అతనూ చూశాడు. ఇద్దరూ ఒకే ఆట చూశారు. అయినా అడిగాడు. ఆమె చెప్పింది.

పెళ్ళయ్యాక నార్మన్ రెండు ఊళ్ళ మధ్య తిరిగే బస్సు నడిపాడు. మిల్లు మూతపడితే హిల్డా బడి వంటింట్లో చేరి, ఈ చుట్టుపక్కల పిల్లలందరికీ కస్టర్డ్ వడ్డించింది. ఇల్లు వంతెన దాటగానే, హెల్మ్‌బ్రిడ్జ్ ఒడ్డున. పిల్లల్లేరు. డెర్బీ రోజున, అంటే ఈ రెండు ఊళ్ళ ఆట రోజున, ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. పొద్దున లేచింది మొదలు ఒకరితో ఒకరు మాట్లాడరు. ఒకే బస్సులో వస్తారు, గేటు దగ్గర విడిపోతారు. హాఫ్‌టైమ్‌లో టీ కొట్టు వెనక ఎదురుపడినప్పుడు అతను పై రెండు ముక్కలు చేసి సగం ఆమె చేతిలో పెట్టి, పెదవులతో "స్కోరెంత?" అంటాడు. ఆమె చెబుతుంది. ఆ క్షణం నుంచి మాటలు మళ్ళీ మొదలు. ఏటా అంతే. తాము దాటుకున్న చోటును ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ గుర్తుపెట్టుకుని ఆగలేదు. కాళ్ళే అక్కడ నెమ్మదించేవి.

నేను వెళ్ళేసరికి హిల్డా బంగాళాదుంపలు చెక్కుతోంది. రొట్టెల డబ్బా పక్కన గోధుమరంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటుంది. దహనశాల వాళ్ళు ఇచ్చింది.

"క్లబ్బుల గురించి నార్మన్ ఏం చెప్పేవాడు?"

"నాకేం చెబుతాడు. నేను అవతలి మనిషిని."

"నువ్వెలా ఉన్నావు?"

"బానే ఉన్నా. తింటున్నా. నిద్ర పడుతోంది." ఇంకో దుంప తీసుకుంది. "టీ కొట్టు మౌరీన్ తన కుక్క చస్తే వారం ఏడ్చింది. నాకు రావట్లేదు. ఇల్లు డెర్బీ పొద్దులా ఉంది. మాట్లాడకూడదని ఊరుకుంటున్నట్టుంది. హాఫ్‌టైమ్ రావట్లేదు, అంతే."

ఆ మాట వాన పడుతోందని చెప్పినట్టే చెప్పింది. అప్పుడే డెరెక్ వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"ఆంటీ, కమిటీలో ఒక మాట అనుకున్నాం. నార్మన్ బాబాయ్ అస్థికలు మన మైదానంలోనే ఉంచితే బాగుంటుందని. ఆట ముందు ఒక నిమిషం మౌనం కూడా."

"పెట్టుకోండి."

"ఆయన నిలబడే చోట పెడదామని. అదే తేలలేదు. సగం మంది గని వైపు గోలు వెనకన్నారు, సగం మంది ఏటి వైపన్నారు. అరుపులయ్యాయి. చివరికి ఓటు వేశాం. గని వైపు గెలిచింది."

"సరే."

"మీకిష్టమేనా?"

"సరే అన్నాగా."

డెరెక్ వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఇంకోటి. ఈసారి హాఫ్‌టైమ్‌లో జనం వైపులు మారడం లేదు. పోయినేడు దారిలో కొట్టుకున్నారు గదా, పోలీసులు ఒప్పుకోవట్లేదు. టీ కొట్టు వెనక కంచె వేస్తున్నాం. మీవాళ్ళు ఆటంతా ఏటి వైపే, మావాళ్ళు గని వైపే."

హిల్డా చేతిలో కత్తి ఆగింది. "ఎవర్రా కొట్టుకున్నది?"

"మా చిన్నాన్నా, మీ చెల్లెలి కొడుకూ."

"వాళ్ళు నా చెల్లెలి కూతురి పెళ్ళిలోనూ కొట్టుకున్నారు. అక్కడ కంచె వేశారా?"

"రూలు నాది కాదాంటీ."

ఆమె మళ్ళీ దుంప చెక్కడం మొదలుపెట్టింది. అప్పటికే చెక్కేసిన దుంపను.

శుక్రవారం మధ్యాహ్నం మైదానంలో నలుగురం కలిశాం. డెరెక్ నల్ల టై కట్టుకొచ్చాడు. మైదానం చూసుకునే లెస్ పొద్దున్నించీ కంచె స్తంభాలకు గుంటలు తవ్వి ఒళ్ళంతా మట్టి చేసుకున్నాడు. హిల్డా కూరల సంచిలో డబ్బా పెట్టుకుని వచ్చింది. గని వైపు గోలు వెనక లెస్ చక్కగా, చిన్నగా ఒక గుంట తీసి, పచ్చిక బిళ్ళ పక్కన పెట్టాడు.

డెరెక్ గొంతు సవరించుకున్నాడు. హిల్డా గుంటలోకి చూసింది. గాలికి సంచి ఆమె కాలికి కొట్టుకుంటోంది.

"ఇది కాదు," అంది.

"ఏది కాదాంటీ?"

"ఆయన చోటు. ఇక్కడ ఆయన సగం ఆటే నిలబడ్డాడు."

"మరైతే ఏటి వైపా? చూశారా, నేను ఆ ఓటే వేశా."

"అక్కడా సగమే."

డెరెక్ నా వైపు చూశాడు. నేను లెస్ వైపు చూశాను. హిల్డా అప్పటికే నడుస్తోంది, మైదానం అంచున, బొగ్గునుసి దారిలోకి. మేం వెనకే వెళ్ళాం. టీ కొట్టు వెనక గోడ నుంచి మైదానం సరిహద్దు కమ్మీ దాకా స్తంభాలు నిలబడి ఉన్నాయి. దారి నడిమధ్య గుంట ఒక్కటే ఖాళీగా ఉంది. దాని స్తంభం పక్కన పడుకుని ఉంది. హిల్డా కాళ్ళు అక్కడ నెమ్మదించాయి.

"ఇక్కడ."

"అది నా స్తంభం గుంటమ్మా," అన్నాడు లెస్.

"లోతు సరిపోతుంది."

"ఆంటీ, ఇది నలుగురూ తొక్కే దారి," అన్నాడు డెరెక్. "పైగా పొద్దున్నే పోలీసులొచ్చి చూస్తారు. కంచెలో సందుంటే ఆట ఆపేస్తారు. డెర్బీ ఆగిపోతే ఊరు నన్ను బతకనిస్తుందా? గని వైపు మంచి గడ్డి ఉంది. మాట వినండి."

"ఒరే డెరెక్."

"ఆంటీ."

"ఆయన నాతో మాట్లాడింది ఇక్కడ. తతిమ్మా చోట్ల ఆట చూశాడు."

ఆమె గొంతు మారలేదు. డెరెక్ టై సరిచేసుకున్నాడు. బడిలో రెండోసారి కస్టర్డ్ వేయకూడదన్న రూలు ఉన్నా అతనికి వేసిన చెయ్యి హిల్డాది. ఆ మాట ఆమె ఎత్తలేదు. అతనే గుర్తుచేసుకుంటున్నట్టు ఆ చేతిలోని సంచి వైపు చూశాడు.

"పోనీ బాబాయ్‌ని ఇందులో పెట్టి, పైన స్తంభం నిలబెడదాం," అన్నాడు చివరికి. "రెండు పనులూ అయిపోతాయి."

"దిగ్గొట్టేదెవరు?" అన్నాడు లెస్. "ఇరవయ్యేళ్ళు నన్ను బస్సులో ఇంటికి చేర్చినవాడి నెత్తిన సమ్మెట వేయమంటావా? నేను వేయను. అదిగో సమ్మెట, నువ్వెయ్."

డెరెక్ సమ్మెట వైపు వెళ్ళలేదు.

హిల్డా మోకాళ్ళ మీద కూర్చుని డబ్బా మూత తీసింది. ఏ ప్రార్థనా చేయలేదు. పిండి ఒంపినట్టు జాగ్రత్తగా ఒంపింది. లెస్ బొగ్గునుసి దాని మీదికి లాగి, పారతో తట్టి, బూటుతో తొక్కబోయి ఆగి, మళ్ళీ పారతోనే తట్టాడు. ఆమె లేచి కోటు దులుపుకుంది.

"బస్సు నాలుగుంపావుకి," అంది.

మర్నాడు పొద్దున పోలీసులొచ్చి కంచె చూశారు. నడుమ ఒక మనిషి పట్టే సందుంది. డెరెక్ ఏం చెప్పాడో నాకు తెలియదు. ఆ సందు దగ్గర ఒక కుర్ర కానిస్టేబుల్‌ని కాపలా పెట్టారు.

ఆట ముందు నిమిషం మౌనం పాటించారు. బాతులు కూడా టోపీలు తీశారు. టాస్ కలిసొచ్చింది. మొదటి సగంలో ఎవరి జట్టు దాడి చేసే గోలు వెనకే వాళ్ళ జనం ఉన్నారు. నేను ఎప్పటిలాగే టీ కొట్టు దగ్గర, ఏ పక్కా కాకుండా. హిల్డా పసుపు మఫ్లర్ కట్టుకుని ఏటి వైపు గోలు వెనక ఉంది. ఇరవయ్యో నిమిషం దాటాక క్రాగ్‌లీ ఒక గోలు వేసింది. మంచి గోలు కాదు, బంతి ఒకడి మోకాలికి తగిలి లోపలికి పోయింది.

హాఫ్‌టైమ్ ఈల మోగింది. జట్లు లోపలికి వెళ్ళాయి. జనం కదల్లేదు. రెండు వైపులా అలవాటు కొద్దీ కొందరు రెండడుగులు వేసి, గుర్తొచ్చి ఆగారు. దారి ఖాళీగా ఉంది. నేనెప్పుడూ దాన్ని ఖాళీగా చూడలేదు.

ఆ ఖాళీలో హిల్డా ఒక్కతే నడిచి వచ్చింది. టీ కొట్టు కిటికీ దగ్గర ఆగింది. మౌరీన్ ఏమీ అడక్కుండా పై ఒకటి కాగితంలో పెట్టి ఇచ్చింది. హిల్డా సందు దగ్గరికి వెళ్ళింది.

"ఈసారి దాటకూడదమ్మా," అన్నాడు కానిస్టేబుల్.

మౌరీన్ కిటికీలోంచి తల బయట పెట్టింది. "ఒరే అబ్బాయ్, నువ్వు నిలబడింది ఆవిడ మొగుడి మీద. కాస్త జరుగు."

కుర్రవాడు కిందకి చూసుకుని గబుక్కున పక్కకు గెంతాడు.

హిల్డా ఆ చోట ఆగింది. పై రెండు ముక్కలు చేసింది. ఆవిరి లేచింది. ఆమె పెదవులు కదిలాయి. శబ్దం లేదు. రెండు మూడు మాటలుంటాయేమో. నాకు ఆ విద్య రాదు. ఒకప్పుడు మౌరీన్ మగ్గం ఆమె మగ్గం పక్కనే ఉండేది.

"ఏమంది?" అని అడిగాను.

"స్కోరు చెప్పింది. ఒకటి సున్నా, మీకే, అంది."

హిల్డా సగం పై కానిస్టేబుల్ చేతిలో పెట్టి, రెండో సగం తింటూ సందు దాటింది. గని వైపు గోలు వెనక ఆకుపచ్చ మఫ్లర్ల మధ్యకు వెళ్ళి నిలబడింది. రెండో సగంలో హెల్మ్‌బ్రిడ్జ్ దాడి చేసేది ఆ గోలు మీదికే గదా.

"ఏయ్, బాతు దారి తప్పింది," అని ఎవరో అరిచారు.

"తప్పింది మీ గోలీ," అంది హిల్డా పైకే. "వాడు ఎడమ పక్క ఎప్పుడూ చూడడు. కాసేపు ఆగండి, మీకే తెలుస్తుంది."

ఆమె చెప్పినట్టేమీ కాలేదు. ఆట ఒకటి సున్నాతోనే ముగిసింది. గోలు ముందు క్రాగ్‌లీ వాడొకడి చేతికి బంతి తగిలినా, హెల్మ్‌బ్రిడ్జ్‌కి రావలసిన పెనాల్టీ రిఫరీ ఇవ్వలేదు. ఇవ్వాల్సిందే, నేనూ చూశాను. ఆమెను ఇంటి దాకా దిగబెట్టడానికి నేనూ బస్సెక్కాను. కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఏడుపు అప్పటికీ రాలేదు, తర్వాత వచ్చిందో లేదో నాకు తెలియదు. ఆ రిఫరీ గురించి, అతని కళ్ళద్దాల గురించి, అతన్ని పంపిన లీగు గురించి, బస్సు ఎక్కింది మొదలు గుక్క తిప్పుకోకుండా చెబుతూనే ఉంది. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. వంతెన మీద బస్సు నెమ్మదించింది. ఏరు నిండుగా ఉంది, రోలరు పిడి కనిపించలేదు.

"అది చెయ్యే కదా? నువ్వు చూశావు కదా?" అంది హిల్డా.

"చెయ్యే," అన్నాను.