కావాలని నేసిన అంచు

వీధి మలుపు తిరగకముందే మగ్గం వినిపించింది. ఒక దెబ్బ, కాస్త మౌనం, మళ్లీ దెబ్బ. ఎండను ఎవరో నిదానంగా తడుతున్నట్టు. వనపర్తిలో అద్దె మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఆడబిడ్డ పక్కన కూర్చున్న హన్మమ్మ, ఆమె కథ రాసుకుందామని వెళ్లిన నాతో తల ఎత్తకుండానే, "కూసో బిడ్డ, ఈ హంస మెడ తిరగనీ" అంది.

ఆమెది గద్వాల. అక్కడి చీరకు ఇద్దరు కూర్చోవాలి. నూలుకు దారం నడిపే నాడె ఒకటి, అటూ ఇటూ పట్టు అంచులకు చెరొకటి. హన్మమ్మకు జోడు ఆడబిడ్డ తిరుపతమ్మ. ఆత్మకూరు దగ్గరి దొరసాని ఒకామె హంసల అంచు వేయించుకుని, అది మరెవరి ఒంటిమీదా కనబడరాదని కట్టడి చేసింది. నేసిన చేతులకే ఆ హంసలు కరువా అనుకుని, వదినా ఆడబిడ్డలు అదే అంచుతో ఇంకో చీర నేశారు. హన్మమ్మ అది కట్టుకుని కురుమూర్తి జాతరలో దొరసానికి ఎదురుగా నడిచింది.

దొరసాని ఫిర్యాదు చేస్తే కచేరీ నుంచి పిలుపు వచ్చింది. అధికారికి తెలుగు రాదు. వకీలు వెంకటస్వామితో ఇంగ్లీషులోనే మాట్లాడాడు. వకీలు జాలిపడి గొంతు తగ్గించాడు.

"తెల్వక నేసిన్నని చెప్పు అక్కా, మగ్గం దక్కుతది. కావాలని నేసినవంటే జప్తు జేస్తరు."

"ఇద్దరం నేసినం. ఇద్దరికీ ఒక్కపారే తెల్వకపాయెనా? కావాలని అంటే ఆయన బాసల ఏమంటరు?"

"ఎందుకక్కా పరేషాన్..."

"జర చెప్పరాదూ."

"డెలిబరేట్లీ."

దారం కొసను తడిపినట్టు ఆ మాటను పెదవుల మీద తడిపి, హన్మమ్మ అధికారి ముఖంలోకి చూసి అంది. ఆయన కలం ఆగింది. వెనుక నుంచి తిరుపతమ్మా అంది, ఇంకా గట్టిగా.

మగ్గం ఆ సాయంత్రమే బండెక్కింది. ఒంటిమీద ఉంది కాబట్టి చీరను ఎవరూ ముట్టలేదు. ఇద్దరూ వనపర్తి వచ్చి మగ్గం అద్దెకు తీసుకున్నారు.

ఇప్పుడా మాట వాళ్లింట్లో ఉప్పులాగా వాడకం. నేనున్నప్పుడే లోపల హన్మమ్మ పొయ్యి మీద పెట్టొచ్చిన అన్నం మాడింది.

"వదినా, డెలిబరేట్లీనా?" అంది తిరుపతమ్మ.

"లేదు, అది దానంతట అదే మాడింది. పొద్దుగాల నీకు గంజి పొయ్యలే సూడు, అదీ డెలిబరేట్లీ అంటే."

దండెం మీద హంసల చీర ఆరుతోంది. లేస్తూ, పోయిన మగ్గం యాదికొస్తుందా అని అడిగాను.

"దినాం వస్తది. రాసేటప్పుడు పాపమని రాయకు బిడ్డ. కావాలని నేసిందని రాయి."