విమలమ్మ మేడమ్ ఫోనెత్తింది

ప్రభువు ప్రేమను బట్టి ఈ ఉదయం ఇక్కడ కూడి వచ్చిన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు. నా పేరు కరుణ. మన నాయుడుపేటలోనే ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెబుతాను, మీ పిల్లల్లో చాలామంది నా దగ్గర చదివినవాళ్లే. నిండు క్లాసు ముందు ఏనాడూ జంకని నేను, పోయిన సంవత్సరం ఫోను మోగితే గోడకు ఆనుకొని వణికేదాన్ని, మిట్టమధ్యాహ్నం నా నీడను చూసి నేనే పక్కకు తప్పుకునేదాన్ని, అన్నం ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయేది! ఆ చీకటిలో నుంచి దేవుడు నన్ను ఎట్లా నడిపించి బయటికి తెచ్చాడో చెప్పాలని నిలబడ్డాను. నిదానంగా వినండి.

మా ఆయన ప్రసాదు దోహాలో వెల్డింగు పని చేస్తారు. మా పాప షారోను వాళ్ల నాన్నను ఎదురుగా చూసినదానికంటే ఫోనులో చూసిందే ఎక్కువ. ఆయన సెలవు మీద వస్తే చెయ్యి పట్టుకోవడానికి కూడా సిగ్గుపడింది, ఆయన ఆ రోజు పెరట్లోకి పోయి చాలాసేపు లోపలికి రాలేదు. అప్పుడే మాకు తెలిసింది, ఆస్ట్రేలియా దేశంలో టీచర్లకు స్కిల్డ్ వీసా ఇస్తారని, భార్య చదువు మీద భర్త, బిడ్డ కూడా వెళ్లవచ్చని. ముగ్గురం ఒక కప్పు కింద ఉండొచ్చు! ఇంతకు మించి మేము దేవుణ్ని ఏమీ అడగలేదు.

అయితే వీసాకు ముందు అసెస్‌మెంట్ అని ఒకటి ఉంటుంది. మన డిగ్రీ, మన బి.ఎడ్. వాళ్ల దేశపు టీచరు చదువుకు సరితూగుతాయో లేదో ఒక ఆఫీసువాళ్లు తేలుస్తారు. ఇంగ్లీషు పరీక్షలో నేను మొదటిసారి తప్పి, ప్రార్థించి మళ్లీ రాసి గట్టెక్కాను. తర్వాత వాళ్లు అడిగింది ఇంకొకటి. బి.ఎడ్. చదివేటప్పుడు నిజంగా పిల్లల ముందు నిలబడి పాఠాలు చెప్పావా, చెబుతుంటే కూర్చొని చూసినవాళ్లు ఎవరు, వాళ్ల మాట కావాలి అన్నారు. నేను చదివిన బి.ఎడ్. కాలేజీ మూతపడి ఇప్పుడు అక్కడ కల్యాణమండపం నడుస్తోంది. ఇక నాకు తెలిసి మిగిలింది ఒక్కరే, విమలమ్మ మేడమ్.

వాకాడు దాటి సముద్రం వైపు పోతే ఒక చేపలవాళ్ల పల్లె ఉంది, అక్కడ చిన్న బడి, దానికి ఆమె హెడ్‌మిస్ట్రెస్. పెళ్లి చేసుకోలేదు, బడి పక్కనే ఇల్లు, తోడుగా ఒక అక్క. ఆ అక్క వంటింట్లో నుంచి బయటికి వచ్చేది కాదు, నేను ఆమె గొంతు ఎప్పుడూ వినలేదు. ట్రైనింగు రోజుల్లో ఆ బడిలో నేను పాఠం చెబుతుంటే మేడమ్ చివరి బెంచీలో కూర్చొని కళ్లద్దాల పైనుంచి చూసేవారు. రోజూ పొద్దున నన్ను చూడగానే, "పాఠం బాగా తయారు చేసుకున్నావా కరుణా?" అని అడిగేవారు. కరుణా అనే ఆ సాగదీత ఆమెకే సొంతం.

నేను వెళ్లి అడగగానే ఆమె సంతోషంగా ఉత్తరం రాసి, కింద తన ఫోను నంబరు వేసి ఇచ్చారు. అప్పటికే ఆమె కడుపులో గడ్డ ఉందని ఎవరికీ తెలియదు. నేను కాగితాలన్నీ పంపిన కొన్నాళ్లకే ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. నేను సమాధికి పోయాను సహోదరులారా, నా చేత్తో మన్ను వేశాను, పెట్టె మూతకు మేకులు కొట్టడం నా కళ్లతో చూశాను.

ఆ తర్వాత కొన్ని వారాలకు అసెస్‌మెంట్ ఆఫీసు నుంచి మెయిలు వచ్చింది. తెలుగు దుబాసీని లైనులో పెట్టుకొని మీ హెడ్‌మిస్ట్రెస్‌తో ఫోనులో మాట్లాడాము, మీరు చెప్పినవన్నీ ఆమె ధ్రువపరిచారు, మీరు సముద్రపు నీళ్లు కాచి ఉప్పు తీసి చూపించిన పాఠాన్ని, పిల్లలంతా ఎగబడి ఆ ఉప్పు నాకిన సంగతిని ఆమె ఎంతో ఆప్యాయంగా గుర్తుచేసుకున్నారు అని రాశారు.

వాళ్లు ఫోను చేసిన తేదీ మళ్లీ మళ్లీ చూశాను. సమాధి అయిన తర్వాతి తేదీయే! ఆ ఉప్పు పాఠం నాకూ, ఆ పిల్లలకూ, చివరి బెంచీలో కూర్చున్న ఆమెకూ తప్ప ఎవరికి తెలుసు?

ఆ రోజు శ్రీహరికోటలో రాకెట్టు వదులుతున్నారని మా స్కూల్లో పిల్లలూ టీచర్లూ అందరూ డాబా ఎక్కారు. స్టాఫ్‌రూములో నేను ఒక్కదాన్నే. చెయ్యి ఆగలేదు, మేడమ్ నంబరు నొక్కాను. చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తారు. సముద్రం హోరు, ఎవరిదో ఊపిరి. నేను హలో అని కూడా అనలేదు.

అప్పుడు ఆ గొంతు వచ్చింది. "ఎవురూ… కరుణా? పాఠం బాగా తయారు చేసుకున్నావా?"

సరిగ్గా అప్పుడే రాకెట్టు లేచింది, కిటికీ అద్దాలు గడగడా అదిరాయి, పైన పిల్లలు కేకలు వేస్తున్నారు, నేను బల్ల కింద కూలబడి ఉన్నాను.

ఆనాటి నుంచి నా బతుకు బతుకు కాదు. బోర్డు మీద రాస్తుంటే చివరి బెంచీలో ఎవరో కూర్చొని ఉన్నట్టు మెడ వెనక చూపు తగిలేది, మాట సగంలో సుద్దముక్క ఆగిపోయేది, తిరిగి చూస్తే బెంచీ ఖాళీ. ప్రార్థనకు కళ్లు మూసుకుంటే ఆ హోరే వినిపించేది. మా అత్తకు చెబితే ఆమె నా కన్నా భయపడి, "చచ్చిపోయినోళ్లు నోరు తెరిచినారంటే వాళ్లకి ఏందో కావాలమ్మాయ్, ఊరికే పలకరు" అని పాపను తన దగ్గరికి లాక్కుంది. వీసా పని చూసే ఏజెంటు నవ్వాడు. "వాళ్లే ఒప్పుకున్నాక మీకెందుకు మేడమ్? చచ్చినామె వచ్చి సంతకం పెడతానంటే మాత్రం మనం వద్దంటామా?" అన్నాడు. ఆ నవ్వుకు నాకు ఇంకా భయం వేసింది.

నేను ఉపవాసం ఉన్నాను. ప్రభువా, ఈ గొంతును నా చెవుల్లో నుంచి తీసెయ్యి అని మాత్రమే ఏడ్చాను. ఆ గొంతు పోలేదు. కానీ ఒక ఉదయం మోకాళ్ల మీద ఉండగా నా లోపల ఒక మాట నిలిచింది, పారిపోతున్నావు కదా, ఒకసారి వెళ్లి చూడు అని. నేను వద్దన్నాను. ఎంత వద్దన్నా ఆ మాట కదలలేదు.

శనివారం సెలవు పెట్టి బస్సులో వాకాడు పోయి, అక్కడ ఆటో ఎక్కాను. రొయ్యల గుంటల మధ్య రోడ్డు, ఎండ తెల్లగా కొడుతోంది, నీళ్లు చిలికే ఏరేటర్లు ఆపేసి ఉన్నాయి, ఒక్క పిట్ట కూడా అరవడం లేదు. పల్లె మొదట్లోనే ఆటో ఆపేసి, బడి దాకా నేను రానక్కా అన్నాడు డ్రైవరు. ఎందుకని అడిగేలోపే బండి తిప్పుకొని వెళ్లిపోయాడు.

బడి దగ్గర వేపచెట్టు కింద వల బాగుచేసుకుంటున్న ఒకామె నన్ను చూసి లేచింది. ఆమె పేరు చెంగమ్మ, మేడమ్ వాళ్ల ఇంటి పక్కనే ఉంటుంది.

"యాడికి పోతుండావమ్మా? బడి మూసేసినారు, పిలకాయల్ని పక్కూరి బడికి పంపేసినారు. లోపల ఆ యమ్మ ఒక్కతే ఉండాది" అంది.

"ఏ యమ్మ?" అన్నాను.

ఆమె చెప్పేలోగా నాకు వినిపించింది. మూసిన బడిలో నుంచి విమలమ్మ మేడమ్ గొంతు, హాజరు పిలుస్తోంది. ఒక పేరు పిలుస్తుంది, కాస్త ఆగుతుంది, తర్వాత సన్నని పిల్లల గొంతుతో "ఉన్నాను మేడమ్" అని జవాబు వస్తుంది. మళ్లీ ఇంకో పేరు. మళ్లీ "ఉన్నాను మేడమ్". కిటికీలో నుంచి చూశాను. బెంచీలన్నీ దుమ్ము పట్టి ఖాళీగా ఉన్నాయి. బోర్డు వైపు తిరిగి, మేడమ్ కట్టుకునే ఆకుపచ్చ అంచు చీరలో, మేడమ్ వేసుకునే ముడితో, వీపు నా వైపు పెట్టి ఒక మనిషి నిలబడి ఉంది!

చెంగమ్మక్క నా మోచెయ్యి పట్టుకుంది, ఆమె చెయ్యి చల్లగా ఉంది. "మేడమ్‌గారి అక్కమ్మా, సుగుణమ్మ. చెల్లెల్ని మన్ను చేసి వచ్చినకాడి నుంచి ఇంతే. నేనే విమలను అంటాది, చెల్లెలి చీర కడతాది, చెల్లెలి గొంతుతో మాట్లాడతాది, పిలకాయల జవాబు కూడా తానే చెప్పుకుంటాది. ఊళ్లోవాళ్లు చెల్లెలు ఈమె మీదికి వచ్చిందంటుండారు. ఎవురూ దగ్గరికి రారు. నేను ఒకపూట కూడు గడప మీద పెట్టి పోతుండా."

"మరి ఫోను?" అన్నాను.

"అదా! పోయే ముందర మేడమ్ చెప్పింది, నేను పక్కనే ఉండా. అక్కా, మా కరుణ కోసం పరదేశం నుంచి ఫోను వస్తాది, నేను లేకపోయినా ఆ పిల్ల పని ఆగకూడదు, నువ్వు ఎత్తు అని. అప్పటినుంచి ఆ ఫోను కింద పెట్టలేదు ఈ యమ్మ. ఎవురు చేసినా కరుణా అనే పలకతాది. మేడమ్ రోజూ అన్నం తినేటప్పుడు బడి సంగతులన్నీ అక్కకి చెప్పేది కదా, అయ్యన్నీ ఈమెకి కంఠతా వచ్చు."

సహోదరులారా, నేను దయ్యమని పారిపోయింది దేని నుంచో చూశారా! ప్రాణం పోతున్నప్పుడు కూడా నా పని ఆగకూడదని తలచిన ఒక టీచరమ్మ ప్రేమ నుంచి! అయినా భయం ఒక్కసారిగా పోలేదు, అబద్ధం చెప్పను. లోపల ఆ సన్నని గొంతు ఇంకా "ఉన్నాను మేడమ్" అంటూనే ఉంది. గడప దగ్గర నిలబడి నేను చేసిన ప్రార్థన ఇంతే. "ప్రభువా, ఈ గడప దాటే ధైర్యం నాకు లేదు, నువ్వు ముందు పో, నీ వెనకాల నేను వస్తాను."

లోపలికి పోయాను. ఆమె తిరిగింది. అదే ముఖం కాదు గానీ అవే కళ్లద్దాలు, వాటి పైనుంచి నన్ను చూసి, "ఆలస్యంగా వచ్చినావే కరుణా" అంది. నేను దగ్గరికి పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి వెచ్చగా ఉంది! ఇన్నాళ్లూ నేను చల్లని చేతిని ఊహించుకుంటూ చచ్చాను, అది వెచ్చగా, ఎముకలు తేలి, ఆకలితో వణుకుతున్న ఒక ముసలితల్లి చెయ్యి. నేను గట్టిగా కేకలు వేయలేదు, దయ్యమని గద్దించలేదు. ఆ దుమ్ము నేల మీద ఆమెతో కూడా కూర్చొని, "తండ్రీ, విమలమ్మను నీ దగ్గరికి తీసుకున్నావు, ఆమెకు అక్కడ ఏ కొదువా లేదు. ఈ సుగుణమ్మ ఇక్కడ ఒంటరిగా ఉంది. సుగుణమ్మను చూడు తండ్రీ, సుగుణమ్మకు అన్నం సహించేటట్టు చెయ్యి, సుగుణమ్మను పేరు పెట్టి పిలువు" అని ప్రార్థించాను.

అప్పుడు ఒక గొంతు వచ్చింది, నేను ఎన్నడూ వినని బొంగురు గొంతు. "సుగుణా అని ఎవురు పిలిచినారు?" అంది. తర్వాత చీర అంచు చూసుకొని, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకొని, "మా చెల్లెలు పోయింది కదమ్మా" అని ఏడ్చింది. సమాధి నాడు ఏడవని ఏడుపు అది. గడప బయటే నిలబడిన చెంగమ్మక్క కూడా ఏడుస్తూ లోపలికి వచ్చి ఆమె తల నిమిరింది. దేవునికే మహిమ!

ఆ రోజు బస్సులో తిరిగి వస్తుంటే నాకు ఇంకో సంగతి తట్టింది. ఆఫీసువాళ్లు మాట్లాడింది హెడ్‌మిస్ట్రెస్‌తో కాదు. ఇది తెలిసీ ఊరుకుంటే అది మోసం. చెబితే దారి మూసుకుపోవచ్చు. ప్రసాదుకు ఫోను చేసి అంతా చెప్పాను. అవతల మిషన్ల చప్పుడు వినపడుతోంది. ఆయన, "రాసెయ్ కరుణా. పాపకు నేను దూరంగానైనా ఉంటాను గానీ, అబద్ధం మీద కట్టిన ఇంట్లో దాన్ని ఉంచలేను" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టం అయ్యుంటుందో నాకు తెలుసు.

ఉన్నది ఉన్నట్టు రాశాను. హెడ్‌మిస్ట్రెస్ చనిపోయారని, ఫోనులో పలికింది దుఃఖంతో మతి చెదిరిన ఆమె అక్క అని. ఏజెంటు నన్ను తిట్టి తప్పుకున్నాడు. ఆఫీసువాళ్లు నా ఫైలు ఆపేశారు. నెలలు గడిచాయి. కానీ ఆశ్చర్యం చూడండి, ఆ నెలల్లో నేను కడుపునిండా తిన్నాను, క్లాసులో చివరి బెంచీ వైపు తిరిగి నవ్వుకుంటూ పాఠం చెప్పాను!

తర్వాత వాళ్లే రాశారు. నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు, ఆ బడిలో అప్పుడు పనిచేసిన ఇంకెవరైనా ఉంటే చెప్పమని. వెతికితే అక్కడ తెలుగు చెప్పిన మాస్టారు గూడూరులో ఉన్నారు. ఆయనకు నేనూ గుర్తే, ఆ ఉప్పూ గుర్తే, తానూ ఒక పలుకు నోట్లో వేసుకున్నానని వాళ్లతో చెప్పారట! పోయిన నెల జవాబు వచ్చింది, నా చదువు టీచరు చదువుగా సరిపోతుందని. వీసా ఇంకా రాలేదు. వస్తుందో రాదో దేవుని చేతిలో ఉంది. వచ్చాక సాక్ష్యం చెప్పొచ్చు కదా అని కొందరన్నారు. కానీ నేను అడిగిన విడుదల నాకు ఇప్పటికే దొరికింది, దాన్ని దాచుకోవడం ఎందుకు?

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరికైనా, తలుచుకుంటేనే ఒళ్లు జలదరించే తలుపు ఒకటి ఉంటే, నా మాట నమ్మండి. ఆయన్ను ముందు పొమ్మని అడిగి, ఆయన వెనకాలే లోపలికి పోండి. అక్కడ మిమ్మల్ని మింగేది ఏదీ ఉండకపోవచ్చు, మీ కోసం ఎదురుచూసే మనిషి ఒకరు ఉండొచ్చు.

ఆడవాళ్ల వైపు, మా అత్త పక్కన తెల్ల చీరలో కూర్చున్నామె సుగుణమ్మ, మా ఇంటికే వచ్చి మాతోనే ఉంటోంది. మొదట్లో భయపడిన మా అత్తే ఇప్పుడు ఆమెకు తల దువ్వుతుంది. ఇంకా ఒక్కోరోజు ఆమె మనసు దారి తప్పుతుంది, అప్పుడు మేము పిలిచి వెనక్కి తెచ్చుకుంటాం. ఆరాధన అయ్యాక దయచేసి దూరం నుంచి చూసి వెళ్లిపోకండి. దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకొని, ఆమెను పేరు పెట్టి పలకరించండి.