లిడియా స్టూడియో దాటిన ఫోటో

లిడియా స్టూడియో పెట్టేనాటికి రాయపూర్‌లో ఫోటో స్టూడియోలకు కొదవ లేదు. ఆడపిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తకుండా ఫోటో తీసే స్టూడియోకే కొదవ. గుంటూరు వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చిన ప్రకాశం కూతురు ఆమె. స్టేషన్ దగ్గరి ఒక స్టూడియోలో ఏళ్ళ తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని ముఖాల మీద మచ్చలు చెరిపే పని చేసింది. లోపలి గదిలోంచి వచ్చే ఫోటోల్లో అమ్మాయిల భుజాలు ఎప్పుడూ బిగుసుకునే ఉండేవి.

"మచ్చలంటే చెరపగలను, ఈ బెదురు ఎలా చెరపను?" అంది ఒకనాడు భర్త క్రిస్టోఫర్‌తో. "ఆడవాళ్ళ కోసమే ఒక స్టూడియో పెడతాను."

ఉర్లా ఫ్యాక్టరీల్లో వెల్డింగ్ పనిచేసే క్రిస్టోఫర్ కాదనలేదు. లైట్ల స్టాండ్లు తనే అతికించి తెచ్చాడు.

గది ఇచ్చింది వరహాలమ్మ. ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి కాపురానికి వచ్చి, ఆ వాడలోని తెలుగిళ్ళన్నిటికీ పెద్దదిక్కయిన మనిషి. వీధివైపు గది ఖాళీగా ఉంటే లిడియాకు అద్దెకిచ్చింది. ఆ గదికి ఇంట్లోకి ఒక తలుపుంది. "అటేపు నాను గడియెట్టేసినాను. నీ తెర దానికడ్డంగా కట్టీసుకో" అంది. లిడియా నీలం తెర అక్కడే వేలాడదీసింది. చీర కట్టడానికీ, ముఖం సవరించడానికీ రాజశ్రీని పనిలో పెట్టుకుంది. రాయపూర్‌లోనే పుట్టి పెరిగిన రాజశ్రీ మాటలో సగం హిందీ దొర్లేది గానీ, చేతిలో మాత్రం మంచి పనితనం ఉండేది. ఆమె బొట్టు దిద్ది, కొంగు సర్ది, ఏదో ఒకటి చెప్పి నవ్విస్తే చాలు, లిడియా కెమెరాకు పని సులువయ్యేది. రెండేళ్ళలో పాస్‌పోర్టు ఫోటోలకూ, పెళ్ళిచూపుల ఫోటోలకూ, పిల్లల పుట్టినరోజులకూ తెలుగిళ్ళన్నీ అక్కడికే రావడం మొదలుపెట్టాయి.

ఒక మధ్యాహ్నం సుభద్ర వచ్చింది. ఆమె కూతురు పూర్ణిమ నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటుంది. కుర్చీ చూపించినా సుభద్ర కూర్చోలేదు.

"మా పొల్ల ఫోటో ఎవరికిచ్చినవమ్మా?"

"కాలేజీ ఫోటోలా? పూర్ణిమకే ఇచ్చానండీ."

"అవి గావు. జుట్టు ఇడిసిపెట్టుకొని దిగింది."

లిడియాకు గుర్తొచ్చింది. పోయిన నెల కాలేజీ ఫోటోలు అయ్యాక పూర్ణిమ మొహమాటంగా ఆగి, "అక్కా, ఒక్కటి నాకోసం తీస్తావా? ఇంట్లో చెప్పకు" అంది. జడ విప్పి భుజం మీద వేసుకుని నవ్వింది. ఒక్కటే ప్రింటు తీసుకుని పుస్తకంలో దాచుకుపోయింది.

ఆ ఫోటో ఇప్పుడు పక్క ఊరు అభన్‌పూర్‌లో ఎవరింట్లోనో తేలింది. ఏదో పెళ్ళిలో ఆ ఇంటాయన పూర్ణిమ తండ్రి చేతిలో దాన్ని పెట్టి, "మీ అమ్మాయే కదా, మాకు నచ్చింది" అన్నాడట. ఫోటో అక్కడికెలా చేరిందో తండ్రికి అంతుబట్టలేదు. కూతురే ఎవరికో ఇచ్చిందని తేల్చేసి, హాస్టల్ నుంచి ఇంటికి తీసుకొచ్చేశాడు.

"నేనియ్యలేదని ఏడుస్తున్నది. నాయిన నమ్ముతలేడు. ఫోన్ గూడ గుంజుకున్నడు" అంటూ సుభద్ర కొంగులోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టింది.

లిడియా దాన్ని వెలుతురులోకి తిప్పి చూసింది. ముఖం మీద పసుపు ఛాయ ఎక్కువైంది. అది పూర్ణిమకిచ్చిన ప్రింటు కాదు, రంగు కుదరక పక్కన పడేసిన టెస్ట్ ప్రింటు. అలాంటివన్నీ ప్రింటర్ కింద సొరుగులో పోగుపడి ఉంటాయి. ఎప్పుడో చింపి పారేద్దామనుకుంటుంది, మర్చిపోతుంది.

"పూర్ణిమ ఇవ్వలేదండీ" అంది. "ఇది నా సొరుగులోంచి పోయింది."

"అయితే మాకన్న ముంగట నీ సొరుగుల చెయ్యి పెట్టినోళ్ళను దేవులాడుకో" అనేసి సుభద్ర వెళ్ళిపోయింది.

ఆనాటి నుంచి లిడియా కళ్ళు మారిపోయాయి. ఫోటో కోసం వచ్చినవాళ్ళు బల్లవైపు ఒక అడుగు వేసినా ఆమె లేచి నిలబడేది. కరెంటు మీటరు చూడటానికొచ్చినవాడి వెంటే తిరిగింది. సొరుగుకు మాత్రం తాళం వెయ్యలేదు. వేస్తే దొంగ జాగ్రత్తపడతాడనుకుంది. లోపలి ఫోటోలన్నిటినీ బోర్లించి పెట్టింది. ఎంత తిరిగినా అనుమానం వచ్చి వచ్చి రాజశ్రీ దగ్గరే ఆగింది. తను బయటికి వెళ్ళినప్పుడు గదిలో ఉండేది ఆమె ఒక్కతే. పైగా అభన్‌పూర్‌లో ఆమెకు చుట్టాలున్నారు.

ఒకరోజు రాజశ్రీ నీళ్ళు పట్టుకురావడానికి వెళ్ళగానే లిడియా ఆమె సంచీ తీసి చూసింది. దువ్వెనలు, పిన్నుల డబ్బా, సగం తిన్న రొట్టె. తల ఎత్తేసరికి రాజశ్రీ బిందెతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం దొరికింది దీదీ?"

"రాజశ్రీ, అది కాదు... ఆ ఫోటో..."

"అడిగితే జవాబు చెప్పేదాన్ని కదా. నువ్వు అడగలేదు, తలాశీ తీసుకున్నావ్."

బిందె దించి, బల్ల మీదున్న తన బ్రష్షులన్నీ సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది. లిడియాకు బాధేసింది గానీ, ఆ బాధ వెనకే, తప్పు లేకపోతే ఇంత వేగంగా ఎందుకు వెళ్తుందన్న అనుమానమూ లేచింది.

తర్వాతి వారం సొరుగు తెరిస్తే, బోర్లించిన ఫోటోల్లో కొన్ని వెల్లకిలా ఉన్నాయి. ఇప్పుడు రాజశ్రీ లేదు. గది రెండో తాళంచెవి ఉన్నది క్రిస్టోఫర్ దగ్గర. ఆ సాయంత్రం అన్నం పెడుతూ భర్త ముఖంలోకి అదేపనిగా చూసింది.

"ఏంటలా చూస్తున్నావు?" అన్నాడతను.

"ఏం లేదు" అంది. తన ఆలోచనకు తనకే జుగుప్స కలిగింది.

ఆదివారం చర్చిలో బాప్తిస్మం ఫోటోలు తీయమన్నారు. సగంలో కెమెరా బ్యాటరీ అయిపోయింది. రెండోది స్టూడియోలో ఉండిపోయింది. లిడియా హడావుడిగా వచ్చి తాళం తీసి తలుపు తోసింది.

లోపల లైటు వెలుగుతోంది. నీలం తెర పక్కకు జరిగి ఉంది. దాని వెనక ఇంట్లోకి ఉన్న తలుపు బార్లా తెరిచి ఉంది. ఫోటోలకు కూర్చునే కుర్చీలో ఎవరో పరాయి ఆవిడ టీ గ్లాసుతో కూర్చుంది. ఎదురుగా స్టూలు మీద వరహాలమ్మ. ఒళ్ళో ఫోటోలు పరిచి ఉన్నాయి.

వరహాలమ్మ తడబడలేదు. "చర్చి అప్పుడే అయిపోనాదేటి?" అంది.

"నా సొరుగులో మీరెందుకు చెయ్యి పెట్టారు పిన్నీ?"

"నువ్వు పారేసిన కాయితాలే కదే! నానేటైనా బంగారం తీసినానా? ఈ ఊర్లో మనోళ్ళ పిల్లల్ని మనోళ్ళకి సూపించీవోళ్ళు ఎవులున్నారు? రెండు సంబంధాలు కుదిర్చినాను. ఆళ్ళొచ్చి నా కాళ్ళకి దండం ఎట్టినారు."

"పూర్ణిమ చదువు ఆగిపోయింది. వాళ్ళ నాన్న ఆ పిల్లనే అనుమానిస్తున్నాడు."

"నానేటి సేసేది? అది ఆళ్ళింటి గొడవ."

"వచ్చి ఆ మాట వాళ్ళింట్లో చెప్పండి."

"నానెక్కడికీ రాను" అని వరహాలమ్మ ఫోటోలు బల్ల మీద పడేసి లేచింది.

కుర్చీలో కూర్చున్న ఆవిడ గ్లాసు కింద పెట్టింది. పేరు మహేశ్వరి, అభన్‌పూర్ నుంచి వచ్చింది. పూర్ణిమ ఫోటో చేరింది వాళ్ళింటికే. పూర్ణిమ వాళ్ళ నుంచి కబురు రాలేదని ఇంకో పిల్లను చూడటానికి వచ్చింది.

"పిల్ల తల్లే ఇచ్చిందని ఈమె నాతో చెప్పింది" అంది మెల్లగా.

"అలాంటి ఫోటో ఒకటుందని కూడా తల్లికి తెలియదండీ."

మహేశ్వరి కుర్చీలోంచి లేచి, "పాండ్రి, వాళ్ళింటికి నేనొస్త" అంది.

బ్యాటరీ సంగతి లిడియా మర్చేపోయింది. ఇద్దరూ ఆటోలో సుభద్ర ఇంటికి వెళ్ళారు. మహేశ్వరి జరిగినదంతా పూర్ణిమ తండ్రి ఎదుట చెప్పింది. ఆయన అల్మారాలోంచి ఫోన్ తీసి పూర్ణిమ చేతికిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయాడు. మర్నాడు సుభద్రే కూతుర్ని హాస్టల్లో దింపింది.

లిడియా ఆ నెలలోనే గది ఖాళీ చేసింది. కొత్త గది చూడటానికి వెళ్ళినప్పుడు నాలుగు గోడలనూ అరచేత్తో తట్టి తట్టి చూస్తుంటే ఇంటాయన విస్తుపోయాడు. కుదరని ప్రింటును అప్పటినుంచి ఎవరిది వాళ్ళ కళ్ళముందే చింపుతుంది. కంప్యూటర్లో ఫోటో ఉంచాలో తీసెయ్యాలో వాళ్ళనే అడుగుతుంది. ఆ మాట వాడవాడలా పాకింది. నయా రాయపూర్‌లో ఆఫీసు ఉద్యోగాలు చేసే అమ్మాయిలు కూడా, చేతిలో అంత మంచి ఫోన్లు పెట్టుకుని, అంత దూరం నుంచీ ఆమె దగ్గరికే వస్తారు.

రాజశ్రీ ఇంటికి మాత్రం మూడుసార్లు వెళ్ళింది. రెండుసార్లు తలుపు తియ్యలేదు. మూడోసారి తీసి, మంచినీళ్ళిచ్చి, "తప్పు నీది కాదని అందరూ అంటున్నారు దీదీ. కానీ నా చేతులు ఇంక అక్కడ పనిచెయ్యవు" అంది. తర్వాత సొంతంగా పార్లర్ పెట్టుకుంది. లిడియా ఇంకెవరినీ పనిలో పెట్టుకోలేదు. పెట్టుకుంటే సంచీవైపు చూపు పోతుందేమోనని ఆమె భయం.

పోయిన మాఘంలో ఒక పెళ్ళికూతురు అలంకరణతో సహా స్టూడియోకి వచ్చింది. ఎవరు చేశారని లిడియా అడగలేదు. కొంగు కుచ్చిళ్ళు చూసి గుర్తుపట్టింది.

"రాజశ్రీ ఆంటీ పంపించారు" అంది ఆ అమ్మాయి. "లైటు మరీ పైన పెట్టొద్దని చెప్పమన్నారు. మేకప్ తెల్లగా పడుతుందట."

లిడియా వెళ్ళి, స్టాండు మర వదులుచేసి లైటు కిందికి దించింది.