ఇప్పటి దొంగలకే సరిపోయే తాళం

"ఫోన్ల పోయే చీటీకి తాళముంటది, ఎవలు చూడరని నువ్వే చెప్పినవ్ గద. గిప్పుడు పంపొద్దంటవేంది?"

"చెప్పిన అమ్మమ్మా. గని గా తాళం గిప్పటి దొంగలకే సరిపోతది."

"దొంగ పడ్డడా?"

"పడితే తెల్వదు. తాళం తీయకుండనే పెట్టెను ఎత్తుకపోయి దాచుకుంటడు. క్వాంటం కంప్యూటర్ అని ఒకటి తయారైతున్నది. అది పెద్దగైన్నాడు గీ తాళాలన్నీ తీస్తది. గప్పుడు తీరిగ్గ చదువుకుంటడు."

"మీ అమ్మ మందుల చీటీ చదివి వానికేమొస్తది?"

ఆదిభట్ల దగ్గరి కంపెనీలో నా మనవరాలి పనే ఇలాంటి తాళాలతో. ఆ యంత్రం రాకముందే పాత తాళాలు తీసేసి కొత్తవి వేయాలట. మా చుట్టూ ప్లాట్లు, కంపెనీలు పుట్టుకొస్తున్న రోజులవి. నేను చదివింది మూడో తరగతి. పాడుకాని వస్తువును మార్చడం నాకు ససేమిరా నచ్చదు.

దాని తల్లి, అంటే నా బిడ్డ, మా ఊరు ఇబ్రహీంపట్నంలోనే బడి పంతులమ్మ. మనసు బాగాలేక పట్నం దవాఖాన మందులు వాడుతుంది. తెలిస్తే పిల్లల తల్లిదండ్రులు ఊరుకోరని మా భయం. ఆడవాళ్ళకు బస్సు ఊరికే అయినా, దవాఖాన వరండాలో మా వాడవాళ్ళు కనబడతారని నేనే పోనివ్వలేదు. నెలనెలా చీటీ ఫొటో తీసి దవాఖాన యాప్‌లో పంపితే మందులు ఇంటికే వచ్చేవి. మనుషుల కళ్ళ కంటే ఫోను నయమనుకున్నాను.

"దవాఖానోళ్ళు తాళం మార్చరా?" అని అడిగాను.

"మారుస్తరు, నిదానంగ. గని ముందుగాల పంపినయి ఎవలన్న ఎత్తుకపోయి ఉంటే వాపస్ రావు."

"పోయినయా మరి?"

"ఎవలకెర్క. గదే ఫికర్."

తలుపు దగ్గర నిలబడి అంతా విన్న నా బిడ్డ, "ఎన్నేండ్లకు బయటపడ్తది?" అని మాత్రం అడిగింది. ఆ నెల నేను ఫొటో పంపలేదు.

మరునాడు పొద్దున నా బిడ్డ బడికి సెలవు పెట్టింది. చీటీ పట్టుకొని ఇద్దరం పట్నం బస్సు కోసం నిలబడ్డాం. మా వాడ ఆమె ఎదురైంది. ఆమె మనవడు నా బిడ్డ తరగతిలోనే చదువుతాడు.

"పొద్దుగాలనే యాడికక్కా?"

"కండ్ల దవాఖానకు," అన్నాను.

"కాదు. మనసు బాగలేక మందులు తింటున్న. గా డాక్టర్ దగ్గరికే," అంది నా బిడ్డ.

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "గట్లనా," అంది. బస్సు వచ్చింది. ఎక్కి, ఆధార్ కార్డులు చూపించి కూర్చున్నాం.