నాన్నగారి పేరు మీద ఒక్క గీత

బాక్టీరియాను పెంచే ఇంక్యుబేటర్ తలుపు తీయగానే ఉప్పుటేరు బురద వాసన గుప్పుమంది. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం హాయిగా పీల్చుకున్నాను. తాడేపల్లిగూడెం కాలేజీలో ఈ ల్యాబుకి ఇప్పుడు నేను మేడంని. నాకు మేడం సుశీల గారు. సముద్రపు బాక్టీరియాలో ఏది ఏ జాతిదో తేల్చడం ఆవిడ పని. ఎవరో పొరపాటున ఒక జాతిలో ఇరికించిన దాన్ని సరైన చోటుకి మార్చడమంటే ఆవిడకు మహా సరదా.

ఆవిడది మండవల్లి దగ్గర కొల్లేటి ఊరు. తండ్రి దానియేలు గారు పడవ నడిపేవారు. చదువుకునే రోజుల్లో కూతుర్ని ఉప్పుటేరు వెంట సముద్రం కలిసే చోటికి తన పడవలోనే తీసుకెళ్లి, సీసాలు ముంచి నీళ్లు పట్టి ఇచ్చారట. ఆ నీళ్లలో దొరికిన ఒక బాక్టీరియాను మేడం కొత్త జాతిగా ప్రకటించి, తండ్రి పేరు కలిసేలా దానికి పేరు పెట్టారు. ఆయన పోయాక ఆ పేరు పలికేటప్పుడు ఆవిడ గొంతు మెత్తబడేది. మిగతా విషయాల్లో మెత్తదనం తక్కువే. ట్యూబు మీది లేబుల్లో తప్పుంటే పీకకూడదు, చెరపకూడదు. ఒక్క గీత కొట్టి కింద సరైనది రాయాలి. నేనోసారి గోటితో గీకేస్తూ దొరికిపోయాను.

"ముందు ఏమనుకున్నామో కూడా తెలియాలి కదండీ? దాచుకుంటే ఎలాగండీ?" అన్నారు. కోపం వస్తే ఆవిడ మాకు కూడా అండీ తగిలించేవారు.

నేను పరిశోధనకు చేరాక, పాత బాక్టీరియా జన్యుక్రమాలు పోల్చి చూసే పని నాకప్పగించారు. దానియేలు గారి బాక్టీరియా, అంతకు చాలా ముందే వేరే తీరంలో ఎవరో పేరు పెట్టిన జాతితో అచ్చుగుద్దినట్టు కలిసింది. రెండూ ఒకటే అయితే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. మేడం నాన్నగారి పేరు పోతుంది. నాకు అన్నం సహించలేదు. కాగితాలు ఆవిడ ముందు పెట్టి, "దీన్నిలా వదిలేద్దామండీ మేడం, ఎవరూ చూడరండీ," అన్నాను.

ఆవిడ చాలాసేపు చదివారు. "జన్యువులొక్కటే చాలవమ్మా. కణాల్లో కొవ్వులు కూడా చూడు, జాతిని బట్టి అవీ మారతాయి. రెండిటినీ ఒకే ఉప్పునీళ్లలో పక్కపక్కన పెంచు." ఎక్కడో ఆశ ఉండే అన్నారనుకుంటాను. నేనూ ఆశపడ్డాను. కొవ్వులూ కలిశాయి.

"అయితే రెండూ ఒకటేనని వ్యాసం రాసెయ్యి. తప్పు నాది కాబట్టి ముందు నా పేరుండాలి."

"నాన్నగారి పేరు పోతుంది కదండీ."

"పోతుంది. దారి తప్పామని తెలిస్తే మా నాన్న పడవ తిప్పేసేవారమ్మా. ఇంత దూరం వచ్చేశాం కదా అని ముందుకి పోయేవారు కాదు." కళ్లు తుడుచుకుని, ఆ బాక్టీరియా ఉన్న ట్యూబు తెప్పించి, తండ్రి పేరు మీద తనే గీత కొట్టారు. అంత గొప్ప మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆ ట్యూబు నా ఫ్రీజర్లో ఉంది. గీత వెనక దానియేలు గారి పేరు ఇప్పటికీ చదవడానికి వస్తుంది. నా ట్యూబుల మీదా అలాంటి గీతలు చాలానే పడ్డాయి. ప్రతిసారీ మనసు ఒప్పుకోదు. అయినా కొడతాను.